కుడితి తొట్టిలో రొట్టె

ఆళ్లగడ్డలో ఆ వీధికి కోడి కూత అక్కర్లేదు, ఉలి చప్పుడుకే తెల్లవారుతుంది. కొత్త పైసలు వచ్చిన ఏడాది, వేసవి ముదురుతున్న రోజులు. చెన్నకేశవులు దొడ్లో అమ్మవారి విగ్రహం ముందు గొంతుక్కూర్చుని ముక్కుపుడక చెక్కుతున్నాడు. అతని భార్య అనసూయ బర్రెకు కుడితి కలుపుదామని తొట్టిలో చెయ్యి పెట్టి అట్లాగే నిలబడిపోయింది. అడుగున ఒక జొన్నరొట్టె నానుతోంది. నిన్న మధ్యాహ్నం తను అత్తకు పెట్టిన రొట్టె. అంచు కూడా తుంచలేదు.

అనసూయకు కళ్ల నీళ్లు రావు, కోపమొస్తుంది. కాపురానికొచ్చి ఎనిమిదేళ్లు. అత్త సుంకమ్మకు కీళ్లవాతం వచ్చి రెండేళ్లు. వేళ్ల కణుపులు వాచి, మోకాళ్లు బిగిసిపోయి, ముసలామె జాకెట్టు ముడి కూడా వేసుకోలేదు. నంద్యాల ఆసుపత్రిలో తెల్లమాత్రలు ఇచ్చారు. పూటకు మూడు, బువ్వ తిన్నాక వేసుకోవాలని మరీ మరీ చెప్పారు. మాత్రలు మొదలయ్యాక వాపు కాస్త తగ్గింది, కడుపు మాత్రం చెడింది. ఆరునెలల నుంచీ ఏం పెట్టినా "ఆకలి ల్యాదమ్మీ" అనే మాట. మనిషి పుల్లలా అయింది. "కోడలు కడుపుకు పెడ్తాందో ల్యాదో" అని వీధి ఆడవాళ్లు అనుకోవడం అనసూయ చెవిన పడుతూనే ఉంది.

నానిన రొట్టెను చేత్తో పట్టుకుని పంచలోకి వచ్చింది. సుంకమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏందత్తా ఇది?"

సుంకమ్మ తల తిప్పుకుంది.

"నా చేతి రొట్టెలో ఇసం కలిపినానా? తినబుద్ధి కాకుంటే కాదని చెప్పు. బర్రెకు ఏసి, నా ముందర తిన్యానని అంటావా? ఊరంతా నన్ను ఆడిపోసుకుంటాంటే నీకు బాగుందా?"

"అరగదమ్మీ. నీ మింద కోపమేం ల్యా."

"అరగనిదానివి మాత్రలెట్ల మింగుతాండావ్? మాత్రలు అరుగుతాయి, నా రొట్టె అరగదా?"

ఉలి చప్పుడు ఆగింది. కేశవులు దొడ్లోంచే అరిచాడు. "పొద్దుపొద్దున్నే ఏందనసూయా? ముసలామె, తింటే తింటాది, లేకుంటే ల్యా. పనికాడ గొడవ చేయాకు, ముక్కు పోతే ఇగ్రహమే పోతాది."

అమ్మవారి ముక్కుపుడక మీద ఉన్న చూపులో పావలా వంతు అమ్మ మీద ఉండి ఉంటే ఈ కథే లేదు. అనసూయ రొట్టెను బర్రెకే వేసి, ఆ పూట అత్తతో మాట్లాడలేదు. మధ్యాహ్నం సంగటి పళ్లెం ఆమె ముందు ఠంగుమని పెట్టి వెళ్లిపోయింది. సాయంత్రం వచ్చి చూస్తే సంగటి అట్లాగే ఉంది. సుంకమ్మ పక్కకు ఒరిగిపోయి ఉంది. ఒళ్లు చల్లగా, పెదవులు సున్నంలా ఉన్నాయి.

నంద్యాల చివరి బస్సులో ముగ్గురూ వెళ్లారు. దారి పొడవునా సుంకమ్మ తల కోడలి ఒడిలోనే ఉంది. 

మర్నాడు వార్డులో నర్సు లూదియా మంచం పక్కన నిలబడి అడిగింది. ముప్పై ఏళ్లుగా రోగుల అబద్ధాలు విన్న మనిషి ఆమె.

"మాత్రలు బువ్వ తిన్నాకే ఏస్తాండారా?"

"నేను రొట్టె పెట్టి, పక్కనే మాత్రలు పెడ్తానమ్మా" అంది అనసూయ. "మాత్రలు మింగుతాది. రొట్టె బర్రెకేస్తాది."

లూదియా ముఖం మారింది. "ఉత్త కడుపుతోనా? ఎన్నాళ్ల నుంచి? దొడ్డికి పోయినప్పుడు ఏం రంగులో ఉంటాంది? నల్లగా ఉంటాందా?"

అనసూయ భర్తను చూసింది. భర్త తల్లిని చూశాడు. ఎవరికీ తెలియదు.

"నాకూ తెల్దమ్మా" అంది సుంకమ్మ మెల్లగా. "కోడి కూయక ముందర పోతాను, చీకట్లోనే వస్తాను. రంగు యాడ కనపడ్తాది?"

"పగలు పోవా?"

"పగలు యాడికి పోతానమ్మా? వంక గట్టెంబడి మొగోళ్లు తిరుగుతాంటారు. ఈ మోకాళ్లతో ఆడికి పొయ్యేదానికే అరగంట. తుమ్మచెట్టు పట్టుకుంటేనే కూసోగలను, లేసేదానికి ఎవురో ఒకరు చెయ్యియ్యాల. ఏం తిన్నా గడియలోపల కడుపు మెలిపెడ్తాది, ఆగదు. కార్తీకపున్నం పొద్దు దారిలోనే..." ఆమె ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోవాలని చెయ్యి ఎత్తింది గానీ, ఆ వంకర వేళ్లకు కొంగు దొరకలేదు. "కోక తడిసింది. పిల్లోళ్లు చూసినారు. ఆ పొద్దు నుంచి పగలు తినడం మానేసినా. కడుపులో ఏం ల్యాకుంటే పొయ్యే పనే ఉండదు గదా. నొప్పి ఓర్సుకోలేక మాత్రలు మాత్రం మింగినా."

వాళ్ల దొడ్లో మరుగుదొడ్డి చాటు కట్టకపోవడానికి కారణం కేశవులుకు తెలుసు. దేవుని రాయి ఉన్న దొడ్లో అట్లాంటిది కట్టగూడదని అతని నాయన శేషయ్య పెట్టిన కట్టడి. నాయన పోయి ఐదేళ్లయినా ఆ మాట మాత్రం ఇంట్లో బతికే ఉంది.

డాక్టరు నాలుగు రోజులు ఉంచుకున్నాడు. చివరి రోజు దాపరికం లేకుండా చెప్పాడు. లోపల పుండు పడింది, నెత్తురు పోతోంది. ఆ మాత్రలు ఇక వేయగూడదు. కొత్తగా వచ్చిన మందు ఉంది గానీ అది కూడా ఈ కడుపుకు పడదు. మాత్రలు ఆపితే కీళ్లు బిగుస్తాయి, వానాకాలానికి మంచం దిగడం కష్టం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సుంకమ్మ అంతా విని, "పోనీలే నాయనా, ఇంటికి పోదాం" అంది.

ఇంటికి వచ్చాక దొడ్లో మొగుడూ పెళ్లాల మధ్య మాట పడింది.

"ఈడ చాటు కట్టాల" అంది అనసూయ.

"ఇగ్రహాలుండాయి గదే. నాయన చెప్పినాడు..."

"బర్రె ఈడనే పేడేస్తాంది. దానికి ల్యాని మైల మీ అమ్మకు వచ్చిందా? ఆరునెల్లు ఆమె కడుపు మాడ్సుకుంటాంటే నేను రొట్టె కోసరం కొట్లాడినా. నాకు బుద్ధి ల్యా. నీకు కండ్లు ల్యావు. రాతికి కండ్లు పెట్టేవాడివి, అమ్మను ఒక్క పొద్దయినా చూసినావా?"

కేశవులు సగం చెక్కిన అమ్మవారికి తాళ్లు కట్టి, ఇద్దరు మనుషులను పిలిచి వీధి పక్క పందిట్లోకి మార్చాడు. తర్వాత గోడ వారగా ఉన్న పగులు రాయి దగ్గరికి వచ్చాడు. తట్టితే మోగదని, దేవుడికి పనికిరాదని ఏడాది కింద పక్కన పడేసిన రాయి అది. సుంకమ్మ రోజూ ఎండకు దాని మీదే కూర్చునేది.

దాన్ని అడ్డంగా కోసి నడుమ రంధ్రం తీశాడు. ఒళ్లు గీరుకోకుండా అంచులు నున్న చేశాడు. పట్టుకుని లేవడానికి పక్కన రెండు గుంజలు పాతి, చుట్టూ ఈతాకు దడి కట్టాడు. వీధిలో ఒకాయన తొంగి చూసి, "దేవుళ్లను చెక్కే చెయ్యప్పా అది!" అన్నాడు. కేశవులు దడికి ఇంకో ముడి బిగించాడు.

పొద్దు నెత్తి మీదికి రాకముందే పనంతా అయిపోయింది. అనసూయ అత్తను ఎత్తుకున్నంత పని చేసి తీసుకొచ్చింది. మాత్రలు ఆగిన వారానికే ఆమె అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది. సుంకమ్మ దడిని చూసింది. రాయిని చూసింది. ఆ రాయి ఆమెకు తెలుసు.

"ఇంతే పనా నాయనా?" అంది.

ఆ గొంతులో నిష్ఠూరం లేదు, ఉత్త అడగడమే. కేశవులు ఉలి పారేసి తల్లి పాదాల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె వాడి తల నిమరబోయింది. వేళ్లు విచ్చుకోలేదు. మణికట్టుతోనే వాడి జుట్టు నిమిరింది.

"ఎందుకు చెప్పల్యా అత్తా?" అంది అనసూయ ఏడుస్తూ. కోపం బదులు కళ్ల నీళ్లు రావడం ఆమెకదే మొదటిసారి.

"ఏమని చెప్పుదునమ్మీ? ఇదీ ఒక మాటేనా?"

అనసూయ లోపలికి వెళ్లి రొట్టె తుంచి పాలలో నానబెట్టి తెచ్చింది. సుంకమ్మ చెయ్యి చాపింది గానీ గిన్నె పట్టలేకపోయింది. ఇక ఎప్పటికీ పట్టలేదని ముగ్గురికీ తెలుసు. కోడలు ముద్ద చేసి నోటికి అందించింది. మధ్యాహ్నం ఎండలో, పట్టపగలు, సుంకమ్మ నమిలి మింగింది. కాసేపు కడుపు మీద చెయ్యి పెట్టుకుని దడి వైపు చూసింది.

"ఇంకో ముద్ద పెట్టమ్మీ" అంది. "ఆకలైతాంది. ఆరునెల్ల నుంచీ ఆకలిగానే ఉండాది."