పుట్టలోంచి పళ్ళెం చప్పుడు

మా ఆయన జూలో ఉడుముని చూసుకునేవాడు. ఆయన కనబడకుండా పోయాక ఆ పని నాకిచ్చారు. మాంసం పెట్టే ముందు రేకు పళ్ళెం మీద పట్టకారుతో కొట్టాలి. గబగబా రెండు, కాస్త ఆగి ఒకటి. ఆ చప్పుడంటే తిండి వచ్చిందని దానికి తెలుసు. చప్పుడు లేకుండా తలుపు తీస్తే ఊడవడానికి వచ్చామనుకుని మన జోలికి రాదు. ఆయన కొడితే పరిగెత్తుకొచ్చేది మహాతల్లి. నేను కొడితే నాలుక ఆడించి ఊరుకుంటుంది. ఆయన పళ్ళెం ఆయనతోపాటే కనబడకుండా పోయింది, నాది కొత్తది.

"నీ వాయింపు దానికి నచ్చలేదు వదినా," అని నవ్వేవాడు మరిది. జూలోనే తాపీపని వాడిది. ఇల్లు పంచుకునే దగ్గర అన్నదమ్ములిద్దరూ ఉప్పూ నిప్పూ. అయినా, "అన్నయ్య అలిగాడు, నేనే బస్సెక్కించాను" అంటే నమ్మాను. నమ్మక ఏం చెయ్యను?

బోను మధ్యలో మనిషెత్తు చెదపుట్ట. ఉడుము దాన్ని తవ్వి లోపల గుడ్లు పెట్టింది. చెదలు ఆ కన్నాన్ని పూడ్చేశాయి. లోపల వెచ్చగా ఉంటుంది, గుడ్లు భద్రం. కానీ పిల్లలు ఆ గట్టి మట్టిని చీల్చుకు రాలేవు, తల్లే మళ్ళీ వచ్చి తవ్వాలి. ఇదంతా ఆయన చెప్పిందే. ఈమధ్య అది తవ్వడం మొదలెట్టింది. అది తవ్విన చోట రాత్రిళ్ళు ఎవరో మట్టి మెత్తేస్తున్నారు.

"నువ్వేనా?" అనడిగాను మరిదిని.

"చెదలే పూడ్చుకుంటాయి కదా వదినా!"

చెదలు తాపీ పట్టుకోవు కదా. మట్టి మీద తాపీ గీతలు నాకు కనబడుతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం గేట్లు మూసే వేళకి కరెంటు పోయింది. పచ్చి మాంసం వాసన, తడిమట్టి వాసన. మరిది టార్చి పట్టుకొచ్చాడు. పళ్ళెం నా చేతిలోనే ఉంది. ఇంకా కొట్టలేదు.

ఠక్ ఠక్… ఠక్.

ఉడుము పరిగెత్తింది. నా వైపు కాదు, పుట్ట వైపు. నాలుక చాపి, ఆశగా, అక్కడే నిలబడిపోయింది.

"కొట్టకు వదినా…"

"నేను కొట్టలేదు."

ఠక్ ఠక్… ఠక్. మట్టి లోపల్నుంచి…

"అయ్యో, ఆ పళ్ళెం అన్నయ్యతోనే పూడ్చానే…" అని గొణిగాడు. వెంటనే నోరు నొక్కుకున్నాడు.

వాడి మణికట్టు దొరకబుచ్చుకున్నాను. ఉడుంపట్టంటే ఏమిటో వాడికి చూపించాను. ఏడుస్తూనే, అరుస్తూనే, జనం వచ్చేదాకా వదల్లేదు.

పుట్ట అడుగున మా ఆయన దొరికాడు. పోలీసులు మరిదిని తీసుకుపోయారు. ఆ పళ్ళాన్నీ, నా పళ్ళాన్నీ కూడా పట్టుకుపోయారు. పీడ విరగడైందనుకున్నాను. ఆయన ఆత్మ చల్లబడి ఉంటుందనుకున్నాను.

నిన్న బోను ఊడ్చడానికి తలుపు తీశాను. ఉడుము మూల పడుకుని ఉంది.

నా ఎడమ చెవి పక్కనే… ఠక్ ఠక్… ఠక్.

వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు.

"వాడి మాట నమ్మానని నా మీద కోపమా?" అన్నాను.

ఉడుము లేచింది. ఎన్నడూ లేనిది, నా వైపే పరిగెత్తుకొస్తోంది. ఆ చప్పుడంటే తిండి వచ్చిందని దానికి తెలుసు.

నా చేతిలో చీపురు తప్ప ఏమీ లేదు.