కప్లింగ్ మీద మెరూన్ గీత

"పూతరేకులు ఆత్రేయపురానివేనా?"

"నెయ్యి మాత్రం మా ఇంటిదండి."

కోడ్ సరిపోయింది. రాజమండ్రిలో ఒక బట్టల కొట్టు మీది గదిలో, చీఫ్ దుర్గాప్రసాదరాజు తలుపు గడియపెట్టి ఏజెంట్ ఫణీంద్ర ముందు ఒక ఫోటో పడేశాడు. గీతిక. ట్రైనింగ్‌లో తన పక్క బెంచీ. అతను మనసిచ్చిన ఒకే ఒక్క మనిషి.

"నరసాపురంలో దొరబాబని ఒకడున్నాడు. పైకి లేసు ఎక్స్‌పోర్ట్, లోపల విదేశీ ముఠాకి ఏజెంట్. నేవీ కోడ్ పెట్టె తెరిచే ఇత్తడి పలకకి డూప్లికేట్ చెక్కిస్తున్నాడు, కంప్యూటర్ చెప్పినట్టు లోహం చెక్కే చిన్న హాబీ సీఎన్‌సీ మెషిన్ మీద. వాడి సెక్రటరీగా గీతికని పంపాం. నెల్నుంచి కబురు లేదు. వాళ్ల వైపు తిరిగిపోయింది."

"గీతిక అలాంటిది కాదు సార్."

"అందరూ అలాగే అంటారయ్యా. మెషిన్ మొరాయిస్తోందట, మెకానిక్‌ని వెతుకుతున్నారు. నువ్వే ఆ మెకానిక్‌వి. పలక రేవు దాటకూడదు. ఆ అమ్మాయి అడ్డొచ్చినా సరే."

మర్నాడు మధ్యాహ్నం, గళ్ల చొక్కా, పెట్టుడు మీసంతో ఫణీంద్ర రేవు పక్క షెడ్డులో దిగాడు. ముందు గదిలో ఆడవాళ్లు లేసు అల్లుతున్నారు. వెనక గదిలో పాత పెంటియం కంప్యూటర్, టేబుల్ మీద మెషిన్. దాని పక్కన పట్టుచీరలో, మెరూన్ గోళ్లతో గీతిక. అతన్ని గుర్తుపట్టింది, పట్టనట్టే తల తిప్పుకుంది. ఆ తిప్పుకోవడంతో ఫణీంద్ర మనసు విరిగింది. చీఫ్ మాటే నిజమనుకున్నాడు.

"పనిమంతుడు పందిరేస్తే కుక్కతోక తగిలి కూలిందంటారే, మొన్నటి మెకానిక్ అలాంటోడండి. గుండ్రంగా చెక్కమంటే కోడిగుడ్డులా చెక్కుతోంది." దొరబాబు నడుముకి పిస్టల్ ఉంది, నోట మాత్రం అండీ గారూ తప్పడం లేదు.

ఫణీంద్ర వెంట్రుకవాసి కదలికనైనా చూపే డయల్ గేజ్ ఆనించి, మెషిన్ బల్లను ముందుకీ వెనక్కీ నడిపించాడు. బయల్దేరిన చోటికి తిరిగి రాలేదు. బల్లను ముందువెనకలకి నడిపే మోటారు వైర్లూ, పక్కలకి నడిపే మోటారు వైర్లూ అటుదిటు మార్చాడు. అయినా ముందువెనకల నడకే తప్పింది. అంటే కరెంటు వైపు జబ్బు లేదు, ఇనుములోనే ఉంది. మోటారునీ స్క్రూ రాడ్‌నీ కలిపే కప్లింగ్ మీద వేలు పెట్టాడు. మోటారు తిరుగుతోంది, రాడ్ వెనకబడుతోంది.

లోపం దొరికితే నోరు ఆగని జబ్బు అతనిది. ట్రైనింగ్‌లోనూ అంతే.

"దొరికిందండీ! ఈ కప్లింగ్‌ని పట్టి ఉంచే మర తనంతట తను వదులయ్యేది కాదు. ఎవరో కావాలని తిప్పారు."

అనేశాక గుడ్డతో గ్రీజు తుడిచాడు. మర మీద మెరూన్ గీత. గోళ్లరంగు. బిగించిన మర కదిలితే తెలియాలని దాని మీదా పక్క ఇనుము మీదా కలిపి ఒకే గీత గియ్యడం ట్రైనింగ్‌లో ఇద్దరికీ నేర్పిన పని. ఇక్కడ పొరలు పొరలుగా తెగిన గీతలు. వీళ్లు బిగించినప్పుడల్లా గీత తెగడం చూసి, గీతిక మళ్లీ వదులు చేసి కొత్త గీత గీసింది. నెల్నుంచి ఒంటిచేత్తో ముఠాని ఆపింది. అలాంటి మనిషిని అతను ఒక్క మాటతో పట్టిచ్చేశాడు.

దొరబాబు ఆమె గోళ్ల వంక చూశాడు. పిస్టల్ ఆమె కణతకి ఆనింది.

"బిగించండి మెకానిక్ గారూ. ఏరు సముద్రంలో కలిసే మొగలో మా పడవ కాసుకునుంది."

ఫణీంద్ర బిగించాడు. గేజ్ వెనక దాచిన ట్రాన్స్‌మిటర్ నొక్కాడు, కానీ ఆ కబురందుకుని పోలీసు లాంచీ రావడానికి వ్యవధి కావాలి. మెషిన్ ఇప్పుడు ముచ్చటగా చెక్కుతోంది. ఇంకొక్క అంచు పూర్తయితే పలక సిద్ధం.

గీతిక అతని కళ్లలోకి చూసింది. అతను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె ఒక్కసారిగా మెషిన్ బల్ల మీద పడి భుజంతో నెట్టింది. బల్ల జరిగిందని ఆ మోటారుకి తెలియదు, తిరుగుతూనే ఉంది. కట్టర్ పలకకి అడ్డంగా గాడి పెట్టేసింది. పిస్టల్ పేలింది. ఫణీంద్ర స్పానర్ దెబ్బకి దొరబాబు కూలేసరికి రేవులో లాంచీ సైరన్ వినబడింది.

"గీత చూశావా?" ఒళ్లో గీతిక అడిగింది.

"ఆలస్యంగా చూశాను."

"బాగా... బిగించావు. నీ పనెప్పుడూ అంతే." నవ్వబోయింది, నవ్వలేకపోయింది. ఫణీంద్ర మీసం పీకేసి వెక్కి వెక్కి ఏడ్చాడు.

పొద్దువాలాక చీఫ్ వచ్చి టోపీ తీశాడు. పాడైన పలక చేతిలోకి తీసుకుని అడిగాడు.

"ఇంతకీ ఈ మెషిన్‌లో లోపమేంటయ్యా?"

"లోపమేం లేదు సార్," అన్నాడు ఫణీంద్ర. "మెకానికే మరీ పనిమంతుడు దొరికాడు."