రెండు ట్యూబులకి ఆరు రోజులు

ఆ అమ్మాయి షాపులో అడుగుపెట్టిన రెండో నిమిషంలోనే నాతో గొడవ పెట్టుకుంది. తప్పు నాదేనని మా మేనత్త ఇప్పటికీ అంటుంది. అననీ. నేను చెప్పింది మాత్రం శాస్త్రమే.

మాది ఆంప్లిఫయర్లు బాగుచేసే షాపు. నిజానికి అత్తది అనాలి. నాకు పని నేర్పింది ఆవిడే, నేర్చుకోనప్పుడు చెవి మెలిపెట్టిందీ ఆవిడే. సోమవారం మధ్యాహ్నం ఆ అమ్మాయి వీపున గిటార్ సంచితో, పాతకాలం మోడల్లో చేసిన గిటార్ ఆంప్‌ని రెండు చేతులా మోసుకొచ్చి కౌంటర్ మీద దించింది. ఆయాసం తీరకుండానే దానిమీద ఫిర్యాదు మొదలుపెట్టింది. సౌండ్ మరీ శుభ్రంగా ఉందట. గట్టిగా మీటినప్పుడు కొంచెం గరగరలాడుతూ చిరగాలట.

వాల్యూమ్ బాగా పెంచితే దానంతటదే చిరుగుతుందని చెప్పాను.

"పెంచుతాను. మీరొచ్చి మా పక్కింటివాళ్లకి సర్దిచెప్తారా?" అంది.

వెనక బెంచీ దగ్గర అత్త దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

ఆ తర్వాత అసలు విషయం బయటికొచ్చింది. ఆమె నాలుగు వీధుల అవతల కళ్లజోళ్ల షాపులో చూపు పరీక్షలు చేస్తుంది. మూడేళ్లుగా గదిలో తలుపేసుకుని గిటార్ వాయించుకుంటోంది. ఆదివారం ఒక బ్యాండ్‌వాళ్లు ఆడిషన్‌కి రమ్మన్నారు. ఇంకొకరి ముందు వాయించడం ఇదే మొదటిసారి. ఆడిషన్ జరిగే గది చిన్నది కాబట్టి గట్టిగా పెట్టడం కుదరదు.

నేను ఆంప్ వెనక పలక విప్పి, స్పీకర్ని నడిపే రెండు పెద్ద గాజు ట్యూబులు చూపించాను. వాటినే పవర్ ట్యూబులంటాం. నంబరు ఒకటే అయినా ఒక్కో జతది ఒక్కో గుణం. కొన్ని ఎంత వాయించినా సౌండ్ చిరగనివ్వవు, కొన్ని తొందరగా చిరుగుతాయి. ఆమెవి మొదటి రకం. నా సొరుగులో పాత రేడియోల్లోంచి తీసి దాచుకున్న జత ఒకటుంది. రెండూ దాదాపు ఒకే కరెంటు లాగుతాయి. వాటిని పెట్టి, వేడెక్కనిచ్చి, మీటర్‌తో సరిచేసి వాయించమన్నాను.

నాలుగైదు తీగలు కలిపి ఒక్క కార్డ్ మీటింది. అంతే, నా చేతుల మీద రోమాలు లేచాయి. మెల్లగా మీటితే మెత్తగా, గట్టిగా మీటితే గరుగ్గా, అడిగింది అడిగినట్టు వచ్చింది. ఆమె తలెత్తి, మొహమంతా వెలిగిపోతుంటే, ఎలా ఉందని అడిగింది.

బాగుందంటే ఆంప్ పట్టుకుని వెళ్లిపోతుంది. ఆ ముక్క నా బుర్రకి సరిగ్గా అప్పుడే తట్టాలా?

తల అడ్డంగా ఊపాను. ఇంకో జత చూద్దాం, రేపు రమ్మన్నాను.

మంగళవారం వచ్చింది. బుధవారం వచ్చింది. గురువారం వానలో తడుస్తూ వచ్చింది. తల తుడుచుకోమని నేనిచ్చిన గుడ్డ ఆంప్‌లు తుడిచేదని తెలిసి, పోన్లెండి, నాకూ పాలిష్ వస్తుంది అని నవ్వింది. ఆ నవ్వుకి నాకు రెండు గంటలు పని సాగలేదు. ట్యూబులు మార్చాలంటే ముందు చల్లారాలి, పెట్టాక మళ్లీ వేడెక్కాలి. ఆ సందుల్లో కబుర్లు చెప్పుకునేవాళ్లం. అక్షరాల పట్టీని బట్టీపట్టి వచ్చే ముసలాయన గురించి ఆమె చెబుతుంటే కడుపుబ్బ నవ్వాను. చివర్లో ఆమె వాయించేది, నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. రోజురోజుకీ ఆమె మెల్లగా వాయిస్తోందని గమనించాను కూడా. శ్రద్ధగా వింటోంది కాబోలనుకున్నాను, వెధవని.

శుక్రవారం ఆమె వెళ్లాక, మొదటిరోజు జత ఏమైందని అత్త అడిగింది. పాడైందన్నాను.

"పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందిట్రా" అని మళ్లీ పనిలో పడింది.

శనివారం ఆమె గిటార్ సంచి విప్పలేదు. పాత ట్యూబులే పెట్టేయమంది. రేపు వెళ్లట్లేదంది. ఎందుకని అడిగాను.

"ఐదు జతలు మార్చారు. ఐదింటికీ తల అడ్డంగా ఊపారు. ట్యూబులన్నీ చెడ్డవి ఎలా అవుతాయి? చెడ్డది నా చెయ్యి. ఆ మాట మర్యాదకి చెప్పట్లేదు మీరు."

నేను ఊపిన ప్రతి ఊపూ వెళ్లి ఆమె చేతికి తగిలిందన్నమాట. మూడేళ్లు కూడగట్టుకున్న ధైర్యాన్ని ఆరు రోజుల్లో హరించేశాను. అత్త సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి, టీ తాగొస్తానని లోపలికి వెళ్లిపోయింది.

"మీ చెయ్యి కాదండీ. మొదటిరోజు జతే సరైంది. మొదటి కార్డ్‌కే తెలిసింది నాకు. బాగుందంటే మీరు మళ్లీ రారని అబద్ధం చెప్పాను. రోజూ చెప్పాను."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మొదటి అద్దంతోనే అక్షరాలు కనపడినవాళ్లకి నేను ఇంకో అద్దం పెట్టను. పెడితే వాళ్ల కళ్లమీద వాళ్లకే అనుమానం వస్తుంది" అంది.

క్షమించమన్నాను. నాకు నష్టమైనా సరే, ఇకమీదట ఆమెతో నిజమే చెబుతానన్నాను. ఆమె సొరుగు వైపు చూపించింది. ఆ జత తీసి పెట్టాను. వేడెక్కేదాకా ఇద్దరం గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం. తర్వాత ఆమె వాయించింది. మొదట బెరుగ్గా, ఆపైన చెయ్యి నిండుగా. ఈసారి ఎలా ఉందని నన్ను అడగలేదు. బాగుందని తనే అనుకుంది.

"రేపు పదింటికి. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మోయాల్సింది మీరే" అంది.

మోశాను. లోపలికి రావద్దంటే మెట్లమీద కూర్చుని తలుపులోంచి విన్నాను. రెండో పాట సగంలో డ్రమ్స్ వాయించే అతను గట్టిగా నవ్వాడు. బాగా కుదిరినప్పుడు వచ్చే నవ్వది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ముప్పావు గంటకి ఆమె బయటికొచ్చింది. తీసుకున్నారని చెప్పి అక్కడే మెట్లమీద గంతులేసింది. నేను ఆంప్ ఎత్తుకున్నాను, దిగడం మొదలుపెట్టాం. రెండో అంతస్తు దగ్గర ఆగి, ఈ ట్యూబులు ఎన్నాళ్లొస్తాయని అడిగింది.

మూడు నెలలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మాటిచ్చాను కదా.

"జాగ్రత్తగా వాడుకుంటే మూడేళ్లు" అన్నాను. అంటే మూడేళ్లదాకా ఆమెకి నాతో పనుండదు.

ఆమె రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి నవ్వింది.

"అన్నాళ్లు నేను ఆగలేను. రేపే వస్తా. ఉంటావుగా?"