వేలాడే మనిషి ఏమన్నాడు?

ఆ భవనంలో మూడో అంతస్తు చివరి గది పేరెత్తితే చాలు, వాచ్‌మన్ మాట మార్చేస్తాడు. పొద్దుగూకాక ఆ వైపు మెట్లు ఊడవడం కూడా మానేశాడు. ఎందుకని అడిగితే చీపురు అరిగిపోయిందంటాడు.

గదికి ఏడాదిగా తాళం. కరెంటు కూడా తీసేశారు. ఒకప్పుడు అక్కడ టారో కార్డులు చూసి జరగబోయేది చెప్పే ఆవిడ ఉండేది. అందరూ కార్డులావిడ అనేవారు. ఓ రోజు ఉన్నట్టుండి తాళం వేసి తమ్ముడింటికి వెళ్ళిపోయింది. పోయిన నెల ఆ తమ్ముడింట్లో ఎవరో పోయారని కబురొచ్చింది. ఎవరో ఏమిటి, ఆవిడే అని వాచ్‌మన్ తేల్చేశాడు.

సరిగ్గా ఆ వారం నుంచే మొదలైంది…

తాళం వేసిన తలుపు కింద సన్నగా వెలుగు. లోపల ఆడగొంతు. కింది అంతస్తు టైలరు చెవులారా విన్నాడు. గుసగుసగా అడుగుతోందట — "మళ్ళీ నువ్వేనా…? ఇంకెన్నాళ్ళు వేలాడతావు?"

టైలరు కాళ్ళకి బుద్ధి చెప్పాడు. మెడలో ఉండాల్సిన టేపు ఎక్కడ పడిపోయిందో ఇప్పటికీ తెలియదు.

ఇది విని వణకని వాళ్ళు లేరు, ఒక్కడు తప్ప. పక్క గదిలో పుస్తకాలు కుట్టే బైండరు. అది ధైర్యమనుకునేరు! ఆయన ధైర్యం ఏపాటిదో చెబుతాను, వినండి.

యాభై దాటినా ఒంటికాయ సొంఠికొమ్ములా బతుకుతున్న మనిషి. ఏడాది కిందట ఓ సాయంత్రం చెవులెర్రబడగా వెళ్ళి కార్డులావిడ ఎదుట కూర్చున్నాడు. "ఒకరిని ఒక మాట అడగాలి మేడం. అడగొచ్చా… కూడదా?" ఎవరినో, ఏ మాటో చెప్పలేదు. చెప్పగలిగితే కార్డుల దాకా ఎందుకొస్తాడు?

ఆవిడ కట్టలోంచి ఒకే ఒక్క కార్డు తీసి బల్ల మీద పెట్టింది. వేలాడే మనిషి — ఒక కాలికి తాడు, తలకిందులుగా. ఆవిడ దాన్ని చాలాసేపు చూసి, "ఆగమంటోంది" అంది. ఆయన వైపు చూడకుండానే కార్డు కట్టలో కలిపేసింది.

ఆయన ఆగాడు. రెండు వారాలకి ఆవిడ వెళ్ళిపోయింది. ఆయన ఇంకా ఆగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు పోయిందన్నారు. ఆ కబురు విన్న రోజు ఒక పుస్తకానికి ఇంకో పుస్తకం అట్ట వేశాడు. ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి. అడగాలనుకున్నది ఆవిడనేనని ఆవిడకి తెలియకుండానే అంతా ముగిసిపోయిందని లోపల కుమిలిపోయాడు. దెయ్యమైనా సరే, కనబడితే అడిగేయాలి. యజమాని రేపు ఆ గది ఖాళీ చేయిస్తున్నాడు. ఇక మిగిలింది ఈ రాత్రే.

ఏడైంది. అందరూ దుకాణాలు కట్టేసి పోయారు. బైండరు దీపం ఆర్పేసి, తన గదిలో చీకట్లో కూర్చున్నాడు.

గోడ అవతల… కుర్చీ జరిగింది.

తర్వాత కార్డులు కలుపుతున్న చప్పుడు. అది నిద్రలోనైనా గుర్తుపడతాడు ఆయన.

"మళ్ళీ నువ్వేనా…"

ఆయన లేచాడు. వెనక బాల్కనీ రెండు గదులకీ ఉమ్మడి; అక్కణ్ణించి ఇనప మెట్లు కిందికి దిగుతాయి. గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేశాడు. ఆవిడ గది వెనక తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల కొవ్వొత్తి. దాని వెనక — ఆవిడ!

తల మీదుగా తెల్ల శాలువా. బాగా చిక్కిపోయింది. పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయేమో చూద్దామనుకున్నాడు గానీ బల్ల అడ్డమొచ్చింది.

"మీరా?" అంది ఆవిడ, ఏమాత్రం ఉలిక్కిపడకుండా. "రండి, కూర్చోండి. నేనొచ్చినట్టు ఎవరితోనూ అనకండి. కార్డులు మానేస్తానని మా తమ్ముడికి మాటిచ్చాను."

"అనను మేడం." అన్నా ఎవరూ నమ్మరని అనుకున్నాడు.

"ఈ రాత్రితో ఈ గదికీ నాకూ రుణం తీరిపోతుంది. రోజూ సామాను సర్దుదామనే వస్తాను. ముందు ఒక్క కార్డు తీద్దామనిపిస్తుంది… తీస్తే వీడే వస్తాడు."

దెయ్యాలకి సామానెందుకో ఆయనకి తోచలేదు. కూర్చుని, బల్ల మీది కార్డు చూశాడు. చూస్తూ ఉండిపోయాడు.

"మేడం… వీడు వేలాడటం లేదు."

"అదేంటి?"

"నా వైపు నుంచి చూస్తే ఒంటికాలి మీద నిలబడ్డాడు. గెంతుతున్నట్టున్నాడు. ఆ రోజూ ఇంతే. గెంతేవాణ్ణి చూపించి ఆగమంటున్నారేంటా అనుకున్నాను."

ఆయన పనే అది మరి. తలకిందులుగా కుట్టిన పేజీ ఒక్కటి కూడా ఆయన కన్ను దాటి బయటికి పోలేదు.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"మీ పని మీకు తెలియదా అని…"

ఆవిడ కార్డు మీద వేలు పెట్టింది. అడిగినవాళ్ళ వైపు నుంచే కార్డు చదవాలి. ఆవిడ నేర్చుకున్న ఓనమాలే అవి. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ తప్పలేదు, ఆ ఒక్క సాయంత్రం తప్ప.

"ఆ రోజు ప్రశ్న మీది," అంది మెల్లిగా. "మీరు అడగబోయేది నన్నేనా అని… నేనూ లోపల అడుగుతున్నాను. అందుకే నా వైపు నుంచి చదివేశాను. ఆగాలని వచ్చింది. గోడ అవతల మీ సుత్తి చప్పుడు వింటూ ఆగలేక వెళ్ళిపోయాను."

"నా వైపు నుంచి చదివితే?"

"ఆగింది చాలు, ఇక కదలమని."

కొవ్వొత్తి రెపరెపలాడి — ఆరిపోయింది.

కటిక చీకటి. ఏడాదిగా నోట్లో నానిన మాట. తెల్లారితే ఈ దెయ్యం కూడా దక్కదు. చీకట్లోనే కళ్ళు గట్టిగా మూసుకుని అనేశాడు.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

బల్ల మీద ఏదో కదిలింది… దగ్గరికొచ్చింది… ఆయన చెయ్యి మీద ఒక చెయ్యి పడింది. పై ప్రాణాలు పైనే పోయాయి!

ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

"మేడం… మీరు పోలేదా?"

"ఎక్కడికి?"

"తమ్ముడింట్లో పోయారన్నారు."

"పోయింది మా తమ్ముడి అత్తగారు. తొంభై రెండేళ్ళు." ఆవిడకి అప్పుడు వెలిగింది. "అంటే… దెయ్యాన్ననుకునే అడిగారా?"

"అవును మేడం."

"ఆ దెయ్యం సరేనని ఉంటే ఏం చేసేవారు?"

"అంత దూరం ఆలోచించలేదు."

ఆ చీకట్లో ఆవిడ నవ్విందో ఏడ్చిందో ఆయనకి తెలియలేదు. చెయ్యి మాత్రం తీయలేదు.