పెద్దల్లుడి బీపీ

చీఫ్ కిటికీలు మూసి మరీ గొంతు తగ్గించాడు. ఆయన అలా చేశాడంటే గోడల్ని కూడా నమ్మడం లేదని అర్థం.

"పవర్ కంట్రోల్ రూమ్‌లో టైం బాంబు. పేలితే ఊరంతా చీకటే, ఆపరేషన్ థియేటర్లతో సహా. పెట్టించింది విదేశీ ముఠా. పెట్టింది లోపలి మనిషి. పోలీసుల్ని చూస్తే వాడు ముందే పేల్చేస్తాడు. విచిత్రమేంటంటే, వాడు ఒక్క పైసా తీసుకోలేదు."

ఈ కబురు తెచ్చింది నెమలి. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు, రెండు దేశాల జీతం. ఏజెంట్ పిచ్చుకకు ఆమె నవ్వు చూస్తేనే అనుమానం.

"డబ్బు కోసం చేసేవాడికి ప్రాణం తీపి," అన్నాడు చీఫ్. "వీడు పక్కవాడికి అపశకునం కావాలని సొంత ముక్కు కోసుకునే రకం. జాగ్రత్త."

గంట తిరక్కుండా పిచ్చుక నర్సు వేషంలో కంట్రోల్ రూమ్‌లో కూర్చుంది. సిబ్బందికి ఉచిత బీపీ పరీక్ష. చేతికి చుట్టే పట్టీ మామూలుదే. దాని వెనక మెషీన్ మాత్రం లై డిటెక్టర్. చెవి రింగులో నెమలి గొంతు.

అక్కడి ఇన్‌ఛార్జి, అందరూ బాసు అనే ఆయన, భోజనానికి వెళ్లాడు. మిగతావాళ్లను ఒక్కొక్కరినే పిలిచి నిద్ర గురించి, అప్పుల గురించి అడిగింది. అప్పులనగానే ఆపరేటర్ సూది అదిరింది కానీ అది భార్య భయం. చివరికి డిప్యూటీ వచ్చాడు. ఆఫీసులో ఆయన్ని పెద్దల్లుడంటారు. ఆయనా బాసూ తోడల్లుళ్లు. పెళ్లిలో ఈయన ముందు, పదవిలో వెనక. అప్పులన్నా సూది కదల్లేదు.

"బాసుగారు మీ తోడల్లుడట కదా?"

సూది ఆ చివరికి ఎగిరింది.

"బాంబు ఎక్కడ?" అంది పిచ్చుక మెల్లగా.

ఆయన బుకాయించలేదు. "పేలనివ్వమ్మా. ఎంక్వయిరీలో ఇన్‌ఛార్జి పేరే వస్తుంది. మా మామగారింట్లో వాడిక తలెత్తడు."

"మీరూ పోతారు."

"పోనీ."

ఇంక రెండే నిమిషాలంది నెమలి. నిజమో అబద్ధమో. చావుకు జంకనివాణ్ణి తుపాకీతో బెదిరించి లాభం లేదు. కసిని కసితోనే కొట్టాలి.

"ఆయన భోజనానికి కాదు, సెలవు పెట్టి వెళ్లాడు. ఛార్జి మీ పేరునే ఉంది. రేపు మీ సంతాప సభలో మైకు పట్టుకునేదీ ఆయనే. 'తప్పు చేసినా మా అన్నయ్యే, నేను క్షమించాను' అంటాడు. మీ మామగారు ఆయన భుజం తడతారు."

పెద్దల్లుడి మొహం కందగడ్డయింది. "వాడు నన్ను క్షమించడమా? బాంబు వాడి కుర్చీ కింద ఉంది. నల్ల వైరు కోయి."

"ఎర్రది," అంది చెవిలో నెమలి.

పక్కనే ఉన్న ఆ కుర్చీ కిందికి వంగి కత్తెర పెట్టబోయిన పిచ్చుక చెయ్యి ఆగింది. "మళ్లీ చెప్పండి," అంది పెద్దల్లుడితో, మెషీన్ సూదిని చూస్తూ.

"నల్లది."

సూది కదల్లేదు. పిచ్చుక నల్లది కోసింది. ఆఖరి సెకనులో గడియారం ఆగింది. నెమలి గొంతూ ఆగిపోయింది. కాసేపటికే పిచ్చుక కబురందుకున్న చీఫ్ మనుషులు గేటు బయట నెమలి కారుకు అడ్డం నిలిచారు.

అప్పుడే బాసు చెయ్యి తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. "ఏంటన్నయ్యా, బీపీ ఎంతుంది?"

పెద్దల్లుడు ఆయన్ని చూశాడు. పిచ్చుకనూ, ఆమె మెషీన్ సూదినీ చూశాడు. నెమ్మదిగా పట్టీ విప్పి ఆమె ఒళ్లో పెట్టాడు.

"ఇది నువ్వు కట్టుకోవాల్సిందమ్మా."