నూరు గుడ్ల మొక్కు

ప్రసోంగ్ మేస్త్రీ మెకానిక్ షెడ్డు గేటుకి ఒక బోర్డు వేలాడుతూ ఉండేది. "కరెంటు బండ్లకు ప్రవేశం లేదు" అని ఎర్ర పెయింటుతో, ఆయన స్వహస్తాలతో రాసుకున్నది. ఇంట్లో కరెంటు కారుకి చార్జర్ బిగించాలి, కొలతలు తీసుకురా పొమ్మని మా కొట్టు యజమాని నాకిచ్చిన చిరునామా సరిగ్గా ఆ గేటుదే. చేతిలో కాగితం రెండుసార్లు చూసుకున్నాను. బోర్డు ఒక్కసారి చూస్తే చాలింది. పికప్ వెనక్కి తిప్పుతుంటే, వీధిలో నిలబెట్టి ఉన్న తెల్ల కరెంటు కారులోంచి ఒకమ్మాయి దిగి దారికి అడ్డంగా నిలబడింది.

మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, వాటి నిండా బురద. బురద అని మర్యాదకి అంటున్నాను.

"చార్జర్ మేస్త్రీ మీరేనా? ఎక్కడికి పోతున్నారు?"

"బోర్డు చదివానండీ."

"నేను రోజూ చదువుతున్నాను. నేను పోయానా? దిగండి."

దిగాను. దిగక చస్తానా, ఆ చూపు అలాంటిది.

పేరు మాలివన్. పందుల డాక్టరు. మా రాచ్చబురి జిల్లాలో మనుషుల కంటే పందులే ఎక్కువని మాలో మేమే వేళాకోళం చేసుకుంటాం. ఆ పందులన్నిటికీ జ్వరాలూ కాన్పులూ చూసేది ఈవిడే. పొద్దున్నే బయల్దేరి ఫారాలన్నీ తిరిగి, సాయంత్రం హైవే పక్క చార్జింగ్ స్టేషన్లో గంట సేపు వరసలో ఉండాలి. ముందు కారువాళ్ళూ వెనక కారువాళ్ళూ ముక్కు మూసుకుని అద్దాలు ఎత్తేసుకుంటారట. ఒకావిడైతే స్టేషన్ వాళ్ళకి ఫిర్యాదు కూడా ఇచ్చిందట. ఇదంతా ఆమె ఏమాత్రం సిగ్గు లేకుండా, కారు బానెట్ మీద నా చార్జర్ల పుస్తకం పరుచుకుని, పేజీలు తిప్పుతూ చెప్పింది.

చివరి పేజీ దగ్గర వేలు ఆగింది. కొట్టులో అన్నిటికంటే పెద్దది, ఇరవై రెండు కిలోవాట్లది. తలుపంత ఉంటుంది.

"ఇది కావాలి."

"ఇది మీకు దండగ. మీ బండి తాగేదే ఏడు. బిందె పట్టినన్నే నీళ్ళు, కొళాయి ఎంత లావైతే ఏం లాభం? పైగా దీనికి మూడు ఫేజుల కరెంటు కావాలి, మీ ఇంటికి వచ్చేది ఒకటే ఫేజు. ఈ ఏడుది చాలు. తీగ మాత్రం పొడుగుది తీసుకోండి."

ఆమె పుస్తకం మూసేసింది. "ఆడపిల్లని కదా. చిన్నది చాలంటారు."

"మగాడొచ్చినా ఇదే చెబుతాను. కాకపోతే మగాడు వినడు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. షెడ్డు గోడ వంక చూస్తూ, పెద్దది కావాలన్నది బండి కోసం కాదనీ, నాన్న కిటికీ తెరిచినప్పుడల్లా కళ్ళలో పడాలనీ చెప్పింది. అప్పుడు సంగతి అర్థమైంది. ముప్ఫై అయిదేళ్ళుగా డీజిలు ఇంజన్లు విప్పి కడుతున్న మనిషి ప్రసోంగ్ మేస్త్రీ. కూతురికి ఉద్యోగం వచ్చినప్పుడు ఒక పాత పికప్‌ని నట్టు నట్టూ విప్పి, కొత్త బండిలా చేసి ఇచ్చాడు. ఆ అమ్మాయి దాన్ని నాలుగేళ్ళు నడిపి, అమ్మేసి, చప్పుడు లేని ఈ బండి కొనుక్కొచ్చింది. ఆ రోజే బోర్డు వెలిసింది.

ఈ నెలాఖరు లోపు చార్జర్ గోడెక్కకపోతే తాను పక్క జిల్లా నకోన్‌పథోమ్ వెళ్ళిపోతానంది. అక్కడి ఫారం కంపెనీ ఉద్యోగమూ గదీ ఇస్తానంటోంది, గది కిందే చార్జర్. నాన్నకి చెబితే ఆయన తలెత్తకుండా "పో" అన్నాడట.

"మరి వెళ్ళిపోవచ్చుగా?" అన్నాను.

"ఎందుకెళ్ళాలి? ఇది నా ఇల్లు. నేను పుట్టింది ఈ షెడ్డులో. నా బండి ఇక్కడే నిద్రపోతుంది."

అప్పుడే షెడ్డులోంచి ప్రసోంగ్ మేస్త్రీ బయటికొచ్చాడు. చేతులు నల్లగా, మొహం అంతకంటే నల్లగా. నేను వంగి దణ్ణం పెట్టి, మీటరు సామర్థ్యం పెంచాలి, మీటరు మీ పేరున ఉంది కాబట్టి కరెంటాఫీసు కాగితం మీద మీ సంతకం కావాలి అని ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన కాగితం వంక చూడలేదు. చార్జర్ బిగించాలన్న షెడ్డు గోడకి ఎదురుగా స్థలదేవుడి గూడు ఉంది, ఆయన ఎదుట తన ఇష్టం చెల్లదు, ఆయన ఒప్పుకుంటే చూద్దాం అన్నాడు.

నిజమే, గోడకి ఎదురుగా స్తంభం మీద, ఇంటి స్థలాన్ని కాచే దేవుడికని మా వాళ్ళు పెట్టుకునే చిన్న గూడు, దానికి పూలదండ, ముందు నైవేద్యంగా స్ట్రా వేసిన ఎర్ర సోడా సీసా ఉన్నాయి.

"మాట్లాడలేని ఆయన్ని అడ్డం పెట్టుకోకు నాన్నా," అంది మాలివన్.

ఆయన నా మొహం మీదే గేటు వేసేశాడు.

కొట్టుకి పోయాక యజమాని తిట్టాడు. పెద్దది అడిగిన మనిషికి చిన్నది చెప్పిన మేధావిని ఎక్కడా చూడలేదన్నాడు. మూడో రోజు మళ్ళీ వెళ్ళాను, షాకు కొట్టకుండా భూమిలోకి దింపే ఎర్త్ రాడ్ ఎక్కడ దిగగొట్టాలో చూడాలన్న వంకతో. వంకే. మూడు రోజులుగా ఎక్కడ రబ్బరు బూట్లు కనపడినా తల తిప్పి చూస్తున్నాను. వరి నాట్లు వేసే ముసలమ్మల బూట్లు కూడా వదల్లేదు.

పెద్దాయన స్పేర్ పార్టుల కోసం బజారుకి వెళ్ళాడంది మాలివన్. తనూ ఏదో పంది ఈనుతోందని ఫోనొస్తే పరిగెత్తింది. వెళ్ళేముందు కారు అద్దం దించి, "ఆ చిన్నదే పెట్టండి. ఆలోచించాను," అంది. "మీరు అబద్ధం చెప్పలేదు. మా నాన్న కూడా కస్టమరుకి అక్కర్లేని సామాను ఎప్పుడూ అంటగట్టడు." నా చెవులు వేడెక్కాయి.

నేను స్థలదేవుడి గూటి వెనక, అరటి చెట్ల మధ్య గొంతుక్కూర్చుని మెత్తటి నేల వెతుకుతుంటే గేటు చప్పుడైంది. పెద్దాయన వచ్చేశాడు. లేస్తే తంతాడు. ఊపిరి బిగబట్టుకున్నాను.

ఆయన నేరుగా గూటి దగ్గరికొచ్చాడు. అగరొత్తులు వెలిగించాడు. కొత్త సోడా మూత తీసి స్ట్రా వేశాడు. మా వాళ్ళు మొక్కుకునేటప్పుడు పేరూ ఇంటిపేరూ ఇంటి నంబరూ స్పష్టంగా చెబుతారు. లేకపోతే దేవుడు పొరపాటున ఆ వరం పక్కింటి వాళ్ళకి ఇచ్చేస్తాడని భయం.

"నేను ప్రసోంగ్ చాయ్‌తోంగ్. ఇంటి నంబరు నలభై ఏడు బై రెండు. నా కూతురు మాలివన్ చాయ్‌తోంగ్, పందుల డాక్టరు. అది ఈ ఇల్లు విడిచి పోకుండా చూడు స్వామీ. నూరు గుడ్లు ఉడకబెట్టి పెడతాను." ఆగాడు. "కోడిగుడ్లు కాదు. బాతుగుడ్లు."

ఆయన ముక్కు చీదుకుంటూ షెడ్డులోకి పోయాడు. నేను అరటాకుల మధ్య అలాగే ఉండిపోయాను. ఆ అమ్మాయి పోకుండా ఆపేది ఏడు కిలోవాట్ల పెట్టె ఒక్కటి. దాన్ని అడ్డుకునేది ఈయనే. అడిగేదీ ఈయనే. పోనీ వెళ్ళి చెబుదామా అంటే, ఒకరి మొక్కు చాటున విని ఇంకొకరికి చెప్పడం మంచిది కాదని మా అమ్మమ్మ అనేది.

ఏం చెయ్యాలో తోచక నేనూ చేతులు జోడించాను. నేను వితూన్ బూన్‌మా, రైల్వే స్టేషన్ ఎదుట చార్జర్ల కొట్టు, పై అంతస్తు. ఆ అమ్మాయిని ఇక్కడే ఉండనీ స్వామీ, నీ ముందు నాట్యం చేస్తాను, అని పైకే మొక్కేశాను. నోరు జారిందని వెంటనే తెలిసింది. నాకు నాట్యం రాదు. పెళ్ళిళ్ళలో కూడా కుర్చీ వదలను. గేటు దాటాక ఎర్త్ రాడ్ అరటి చెట్లలోనే వదిలేశానని గుర్తొచ్చింది, కానీ వెనక్కి వెళ్ళే ధైర్యం లేకపోయింది.

నెలాఖరు రోజు వాన. సంతకం ఇక రాదని మాలివన్ ముందు రోజే కొట్టుకి ఫోన్ చేసి ఆర్డరు రద్దు చేసింది. యజమాని నాకు చెప్పాడు కూడా. అయినా పెట్టె పికప్‌లో వేసుకుని వెళ్ళాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

ఆమె వానలో సంచులు కారులో సర్దుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది.

"రద్దు చేశానుగా."

"నా చెవిన పడలేదు."

"మీ యజమాని చెప్పలేదా?"

"చెప్పాడు. అయినా పడలేదు."

గేటు నేనే తోసుకుని లోపలికి పోయాను. షెడ్డులో పెద్దాయన ఒక పికప్ కింద దూరి సుత్తితో టంగు టంగున కొడుతున్నాడు. ఆ బండికి ఇంజనే లేదు, దింపి పక్కన పెట్టి ఉంది. దేన్ని కొడుతున్నాడో ఆయనకే తెలియాలి.

"పెద్ద మేస్త్రీ, సంతకం పెట్టండి."

"స్థలదేవుడు ఒప్పుకోలేదని చెప్పాను."

"ఆయన ఎప్పుడో ఒప్పుకున్నాడు. రెండుసార్లు నన్ను మీ గేటు దాకా పంపాడు. ఇది మూడోసారి. మీరు అడగడం, ఆయన పంపడం, మీరు తలుపు వేసుకోవడం. ఇంకా ఆయన మాత్రం ఏం చేస్తాడు?"

సుత్తి ఆగింది. "ఎవరడిగారు?"

"నలభై ఏడు బై రెండు వాళ్ళు."

పెద్దాయన బండి కిందనుంచి మెల్లగా బయటికొచ్చాడు. నా వెనక మాలివన్ వచ్చి నిలబడ్డట్టు నీళ్ళు కారుతున్న చప్పుడుని బట్టి తెలిసింది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

"నూరు బాతుగుడ్లు," అన్నాను. "ఉడకబెట్టండి. ఆలస్యమైతే స్వామి ఊరుకోడు."

రేకుల మీద వాన దంచుతోంది.

"నాన్నా," అంది మాలివన్. "నువ్వే కదా పో అన్నావు."

"అన్నాను. నేను పొమ్మంటే పోతావా? పుట్టిన్నాటి నుంచి నా మాట ఒక్కటి విన్నావా నువ్వు? ఇదొక్కటే దొరికిందా వినడానికి?"

ఆ అమ్మాయి తడి బూట్లతో అలాగే వెళ్ళి ఆయన్ని పట్టుకుంది. ఇద్దరి మధ్యా గ్రీజు, వాన, పందుల వాసన. నేను గోడ వంక తిరిగి కొలతలు తీస్తున్నట్టు నటించాను.

కాగితం మీద సంతకం పక్కన నల్లటి బొటనవేలి ముద్ర కూడా పడింది. పెట్టె విప్పి చూసి పెద్దాయన, ఇంతేనా, ఇంత చిన్నదా అన్నాడు. ఇదే చాలని చార్జర్ మేస్త్రీ చెప్పాడంది మాలివన్. ఆయన నన్ను మొదటిసారి తేరిపార చూశాడు. నేను డ్రిల్లు తీస్తే చేతిలోంచి లాక్కున్నాడు. నా గోడకి చిల్లు నేనే పెట్టుకుంటానన్నాడు. నాలుగు చిల్లులూ ఆయనే పెట్టాడు, గీత గీసినట్టు వచ్చాయి.

మీటరు మారి, చార్జర్ దీపం ఆకుపచ్చగా వెలిగిన ఆదివారం నాడు గూటి ముందు పళ్ళేల నిండా బాతుగుడ్లు పేర్చారు. గేటు బోర్డు తియ్యలేదు. కింద ఇంకో వరస చేరింది: "పందుల డాక్టరుకి తప్ప". నేను దణ్ణం పెట్టి, చెప్పులు విప్పి, చేతులు రెండూ పైకెత్తాను.

"ఏం చేస్తున్నారు?" అంది మాలివన్.

"మొక్కు."

ఆడాను. దాన్ని ఆట అనొచ్చో లేదో స్వామికే వదిలేస్తున్నాను. పక్కింటి వాళ్ళు గోడెక్కి చూశారు. మాలివన్ కడుపు పట్టుకుని నవ్వి, నవ్వి, హఠాత్తుగా ఆపేసింది.

"మీరెందుకు మొక్కారు? నేను పోతే మీకేం?"

చేతులు ఇంకా పైనే ఉన్నాయి. దించితే ధైర్యం కూడా దిగిపోతుందేమోనని దించలేదు. "మీరు పోతే నేను బతకలేనని కాదు. బతుకుతాను. కానీ బతకాలని లేదు, అలా. మీరంటే నాకిష్టం. పందుల వాసనతో సహా."

ఆమె ఏదో అనబోయేంతలో పెద్దాయన అడ్డొచ్చాడు. చేతిలో ఒక గుడ్డు.

"ఎవరైనా అంత గట్టిగా చిరునామా చెబుతారట్రా? ఆ రోజు షెడ్డు గోడ అవతలే ఉన్నాను. రైల్వే స్టేషన్ ఎదుట, పై అంతస్తు."

నా చేతులు వాటంతటవే దిగిపోయాయి. "తెలిసి కూడా నెలాఖరు దాకా ఎందుకు ఆగారు?"

"మళ్ళీ వస్తావో రావో చూద్దామని."

గుడ్డు నా చేతిలో పెట్టాడు. దేవుడికి నూరు లెక్కపెట్టి పెట్టాననీ, ఉడకబెట్టింది నూట ఒకటనీ చెప్పి, అరటి చెట్లలోంచి తెచ్చి దాచిన ఎర్త్ రాడ్ గోడకి ఆనించి లోపలికి పోయాడు.

మాలివన్ గుడ్డు నా చేతిలోంచి తీసుకుంది. పెంకు ఒలిచింది. సగం తను తిని, సగం నా నోట్లో పెట్టింది.

"వచ్చే ఆదివారం కూడా రా," అంది. "చార్జర్‌కి ఏమీ కాదులే. అయినా రా."