నాలుగో నంబర్ మంట

ఎనుమాముల మార్కెట్ దాటి కొంచెం ముందుకు పోతే ఆ జిన్నింగ్ మిల్లు వస్తుంది. పత్తి సీజన్ మొదలయ్యే ముందు అక్కడ కొత్త ఫ్లేమ్ డిటెక్టర్లు బిగించారు. మంట కనబడితే గంట మోగించే పరికరాలు. వాటిని సెట్ చేయడం నా పని. మధ్యాహ్నం అన్నం తిని, సాయంత్రానికల్లా వస్తానని మా ఆయన స్టీఫెన్‌కు చెప్పి స్కూటీ మీద బయల్దేరాను.

మిల్లులో వాచ్‌మన్ యాకయ్య ఒక్కడే ఉన్నాడు. పెద్దమనిషి. "చాయ్ తాగుతవా బిడ్డా?" అని అడిగి, నేను వద్దన్నా తెచ్చిపెట్టాడు.

హాలు చాలా పొడుగు. ఈ కొసన డిటెక్టర్ల వైర్లన్నీ వచ్చి కలిసే ప్యానెల్, ఆ కొసన పత్తి కుప్ప పోసే జాగా. మధ్యలో పత్తి నుంచి గింజలు తీసే జిన్ను మిషన్లు వరసగా ఉన్నాయి. షట్టర్లు దించేసి ఉండడంతో పైన సందుల్లోంచి వచ్చే వెలుతురే దిక్కు. పాత గింజల నూనె వాసన. రేకుల కింద పావురాలు రెక్కలు కొట్టుకుంటున్నాయి. ఒకటో నంబర్ డిటెక్టర్ ప్యానెల్ దగ్గర నేను కూర్చున్న చోట, నెత్తి మీద. రెండు, మూడు దారి పొడుగునా. నాలుగోది కుప్ప మీద.

ల్యాప్‌టాప్‌ను వైరుతో ప్యానెల్‌కు కలిపాను. ఒక్కో డిటెక్టర్ లోపల అంకెలు దాచుకునే అరలు ఉంటాయి. రిజిస్టర్లు అంటాం. ఎంత చిన్న మంటకు మోగాలో ఒక అరలో మనం రాస్తాం. ఇప్పుడు తనకు ఎంత మంట కనబడుతోందో ఇంకో అరలో అది రాస్తుంది. మంట లేకపోతే సున్నా. గంటను మాత్రం అన్నీ సరిచూశాక చివర్లో కలుపుతాం.

ఒకటి, రెండు, మూడు సున్నా చూపించాయి. నాలుగోది చూపించలేదు.

ఎండ పడుతోందేమోనని పోయి చూశాను. పడటం లేదు. నిచ్చెనెక్కి దాని అద్దం తుడిచి, దానికేమీ కనబడకుండా నల్లగుడ్డ కప్పాను. తిరిగొచ్చి చూస్తే అంకె ఇంకా పెరిగింది.

"కాకా, ఆడ ఎవలన్న వెల్డింగ్ చేస్తాండ్రా?"

"ఎవలు లేరు బిడ్డా. మనిద్దరమే." కుప్ప జాగా దిక్కు చూస్తూ అన్నాడు. "మా చెల్లె ఆన్నే పోయింది."

చెల్లెలి పేరు చిలుకమ్మ. కుప్ప దగ్గర పత్తి ఎత్తేదట. పోయిన సీజన్‌లో పత్తి అంటుకున్నప్పుడు గంట మోగలేదట. మంట లేకున్నా ఊకూకె మోగుతాందని మేనేజర్ పాత డిటెక్టర్‌ను బంద్ పెట్టించాడట. యాకయ్య ఇదంతా ఊళ్లో వాన పడ్డ సంగతి చెప్పినట్టు చెప్పాడు. నేను తల ఊపాను. చాయ్ చల్లారిపోయింది.

మేనేజర్‌కు ఫోన్ చేసి నాలుగోదాని సంగతి చెప్పాను.

"రేపు మిల్లు షురూ గావాలె మేడం. దాన్ని బంద్ పెట్టుండ్రి. మిగతయి చాలు."

నేను వాదించలేదు. అలసటో, మరేమిటో. నాలుగోదాన్ని ఆపేసే రిజిస్టర్ తెరిచి సున్నా వేశాను. ఇక ఎంటర్ బటన్ నొక్కితే ఆ డిటెక్టర్ గుడ్డిది. బటన్ మీద వేలు పెట్టాను.

కరెంటు పోయింది.

ప్యానెల్ బ్యాటరీ మీద నడుస్తోంది. ల్యాప్‌టాప్ వెలుతురు తప్ప అంతా చీకటి. పావురాల చప్పుడు ఆగిపోయింది.

నాలుగోది సున్నా అయింది. మూడోది పెరిగింది.

తలెత్తి చూశాను. మిషన్ల మధ్య దారి ఖాళీగా ఉంది.

మూడు తగ్గింది... రెండు పెరిగింది.

"నడిసొస్తాంది," అన్నాడు యాకయ్య గుసగుసగా.

కాలిన పత్తి వాసన. దాని వెనకే వెంట్రుకలు మాడిన వాసన. పారిపోవాలని కూడా అనిపించలేదు. అంకెలు చూస్తూ కూర్చున్నాను.

రెండు... సున్నా.

ఒకటి. నా నెత్తి మీదిది. అంకె ఆగకుండా పెరుగుతోంది.

"చిలుకా..." యాకయ్య చీకట్లోకి చేతులు జోడించాడు. "ఈ పిల్లకేం తెల్వదే... ఇడిసిపెట్టు..."

నా కుడిచేతి మీద ఏదో వాలింది. వేడి లేదు. చల్లదనం లేదు. బరువు... అంతే. మెల్లగా, చిన్నపిల్ల చేతిని జరిపినట్టు, నా వేలిని బటన్ మీంచి పక్కకు జరిపింది.

కరెంటు వచ్చింది. నాలుగూ సున్నా చూపిస్తున్నాయి.

నేను నాలుగోదాన్ని బంద్ పెట్టలేదు. నల్లగుడ్డ తీసేసి, అగ్గిపుల్ల గీసినా మోగేట్టు సెట్ చేసి, ఎవరూ మార్చకుండా పాస్‌వర్డ్ పెట్టి, గంట కలిపాను. "ఆ పని నాతోని కాదు సార్," అని మేనేజర్‌కు చెప్పాను. ఆయన తిట్టాడు. ఏం తిట్టాడో గుర్తులేదు.

గేటు దగ్గర యాకయ్యను అడిగాను. "పోయిందా కాకా?"

"ఏమో బిడ్డా. ఇప్పుడైతే ఆడ లేదు."

ఇంటికొచ్చి అన్నం వండుతున్నాను. స్టీఫెన్ వంటింట్లోకి వచ్చి ఒక్కసారిగా అరిచాడు.

"ఏంది శిరీషా అది! గుడ్డ పట్టుకోవా?"

పొయ్యి మీది గిన్నెను వట్టి కుడిచేత్తో దించుతున్నాను. ఉడుకుతున్న గంజి చేతి మీదికి పొంగుతోంది. నాకేమీ తెలియడం లేదు. గిన్నె కింద పెట్టి చూసుకున్నాను. చెయ్యి ఎర్రబడను కూడా లేదు.

"ఏదీ, చూపెట్టు," అంటూ ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. మరుక్షణమే విదిలించుకుని గోడ దాకా జరిగిపోయాడు.

ఆయన వేళ్ల మీద బొబ్బలు లేస్తున్నాయి.